మేనమామ ఒడి

మా పాప మొట్టమొదట స్పష్టంగా పలికిన మాట "వద్దు". అమ్మ కాదు, నాన్న కాదు. ఏడాదీ రెండు నెలలప్పుడు నేను అన్నం ముద్ద నోటి దగ్గర పెడితే చేత్తో నెట్టేసి, పెద్దమనిషిలా "వద్దు" అంది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. మా ఆయన చందు అయితే, "తల్లి నోరు బిడ్డకొచ్చింది, ఇంక నా గతేమి" అన్నాడు. నాకంత నోరే ఉంటే బాగుండేది. వద్దు అనాల్సిన రోజున, వఠారమంతటికీ గయ్యాళినని పేరు మోసిన నేను, నోరు మూసుకుని బిడ్డ బట్టలు సంచిలో సర్దాను.

మేముండేది హెబ్బగోడిలో, హనుమక్క వఠారంలో. వరసగా ఎనిమిది గదులు, ఎదురుగా హనుమక్క ఇల్లు. చందు ఒక కంపెనీకి బస్సు నడుపుతాడు. నేను బొమ్మసంద్రలో బైకులకు వైర్ల కట్టలు తయారుచేసే చోట పనిచేస్తాను. బోర్డు నిండా మేకులుంటాయి. ఎర్ర వైరు ఈ మేకు చుట్టూ, పచ్చ వైరు ఆ మేకు చుట్టూ తిప్పి, టేపు చుట్టి పక్కమనిషికి తొయ్యాలి. రోజంతా నిలబడే పని. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే మా హర్షిత పరుగెత్తుకొచ్చి, కాళ్ళకు చుట్టుకుని, ఆ రోజు నేర్చిన కొత్త మాట చెప్పేది.

ఆ మాటను నేను గోడమీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలో పెన్సిలుతో రాసేదాన్ని. పాలు రాని రోజు సున్నా చుట్టేదీ ఆ గడిలోనే, పాప మాట రాసేదీ ఆ గడిలోనే. బువ్వ. కాకి. జారిపోయింది. "బేడ" అనేది వద్దుకు హనుమక్క నేర్పిన కన్నడం. "నహీ దూంగీ" అంటే ఇవ్వను, అది నాలుగో గదిలోని బిహారు పిల్లల చలవ. వినాయకచవితి నాటికి దానికి రెండేళ్ళ నాలుగు నెలలు. "అమ్మ బస్సు పోయింది" అని మూడు మాటలు కలిపి చెప్పింది. ఆ రోజు గడి చాలక పక్క గడిలోకి రాశాను.

పగటిపూట పాపను చూసుకునేది పక్కవీధి జ్యోతి. తనింట్లోనే నలుగురు పిల్లల్ని పెట్టుకుని సాకేది. దసరా సెలవులకు పది రోజులు ఊరికి పోతున్నానని చెప్పింది. మా కంపెనీలో చూస్తే దసరా, దీపావళికే బైకులన్నీ అమ్ముడుపోయేది. లైన్ లీడర్ బసవరాజు ముందే చేతులు జోడించాడు. "సంధ్యా, నీ కాళ్ళకు దండం, పండుగ సీజన్ అయ్యేదాకా లీవ్ మాటెత్తద్దు మా. ఆదివారం కూడా డ్యూటీనే."

ఏం చెయ్యాలా అని నేను తల పట్టుకుని కూర్చున్నప్పుడు, మహాలయ అమావాస్య నాడు మా సుజాత వదిన వచ్చింది. చందుకు అక్క. వాళ్ళ అమ్మ చనిపోయేనాటికి చందుకు ఆరేళ్ళు, వదినకు పద్నాలుగు. ఆమే వాణ్ణి పెంచింది. తర్వాత ఆనేకల్‌లో మగ్గాలున్న వెంకటేశప్ప అన్నకిచ్చి చేశారు. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా పిల్లలు లేరు. తిరగని ఆసుపత్రి లేదు, మొక్కని దేవుడు లేడు.

"నేను పిలుచుకపోతా లేమ్మా," అంది వదిన, పాపను ఒళ్ళో పెట్టుకుని. "పది దినాలే గదా. మగ్గాల కాడ పనోల్ల పిల్లోల్లు ఉండారు, ఆడుకుంటాది."

"నేను పక్కన లేకపోతే నిద్రపోదు వదినా."

"మీ ఆయన్నే సాకిన చేతులమ్మా ఇవి. ఇదెంత?"

చందు గడప మీద కూర్చుని కాలిగోళ్ళు తీసుకుంటున్నాడు. తలెత్తలేదు. "పంపించు సంధ్యా. పది దినాలకేమయితాది" అన్నాడు.

నాకు మనసొప్పలేదు. కానీ వదిన పాప చేతివేళ్ళను ఒక్కొక్కటే మడిచి, విప్పి, మడిచి, "ఇది నాదీ, ఇది నాదీ" అని ఆడిస్తుంటే జాలేసింది. పిల్లల్లేని మనిషి, నాలుగు రోజులు ముద్దు తీర్చుకోనీలే అనుకున్నాను. ఆ జాలే నా కొంప ముంచింది.

రోజూ మధ్యాహ్నం అన్నం తినేవేళకు వదిన ఫోన్లో పాప గొంతు రికార్డు చేసి పంపేది. క్యాంటీన్లో ఆడవాళ్ళమంతా చెవులొగ్గి వినేవాళ్ళం. "మగ్గం టకటక." "పట్టు గుడ్డ." "కుక్క వచ్చె, ఓడిపోయె." పాప మాటకు ఆనేకల్ తెలుగు యాస పట్టింది, పారిపోవడం కాస్తా ఓడిపోవడం అయింది. నేను సాయంత్రం వచ్చి వాటిని క్యాలెండర్లో ఎక్కించేదాన్ని. నా బిడ్డ పక్కన లేదే అనే దిగులు, గడిలో మాట రాస్తే కొంచెం తగ్గేది.

ఆయుధపూజ నాడు సెలవిచ్చారు. కంపెనీలో పంచిన బొరుగుల పొట్లం పట్టుకుని, చందుతో కలిసి ఆనేకల్ పోయాను. మగ్గాలన్నిటికీ పసుపు కుంకుమ, బంతిపూల దండలు. వెంకటేశప్ప అన్న బూడిద గుమ్మడికాయ పగలగొడుతున్నాడు. పాప కొత్త లంగా కట్టుకుని బయటికొచ్చింది. చందును చూడగానే మొహం విప్పారింది.

"మామా! మామ వచ్చినాడు!" అని అరిచింది.

అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. "బాగుందయ్యా, పది దినాలకే తండ్రివి కాస్తా మామవయితివి. ఇంకో పది దినాలుంటే తాతవయితావు" అని చందును ఏడిపించాను. వదిన వంటింట్లోంచి, "పనోల్ల పిల్లోల్ల కాడ నేర్చింది లేమ్మా. మొగోల్లంతా మామలే దానికి" అంది. నిజమేననిపించింది. వెంకటేశప్ప అన్నను కూడా పనివాళ్ళందరిలాగే పాప "అప్పా" అంటోంది. అక్కడ అందరి నోటా అదే పిలుపు. చందు ఒక్కడు నవ్వలేదు. బండి ఎక్కి వచ్చిన తలనొప్పేమో అనుకున్నాను. ఇంటికొచ్చి అక్టోబరు ఒకటో తేదీ గడిలో నా చేత్తోనే రాశాను: "మామ". పక్కన నవ్వే మొహం బొమ్మ కూడా వేశాను.

ఆ రోజు పాపను తెచ్చుకోలేదు. జ్యోతి ఇంకా ఊరినుంచి రాలేదని చందు చెప్పాడు. కూతురి కాన్పుకు అక్కడే ఉండిపోయిందట, దీపావళి తర్వాతే రాక. ఊళ్ళో పెళ్ళయిన పెద్దకూతురుందేమో అనుకున్నాను. నేను పొద్దున ఆరింటికి కంపెనీ బస్సెక్కితే చీకటిపడ్డాక దిగుతాను. పక్కవీధికి పోయి చూసింది లేదు, ఫోన్ చేసి అడిగింది లేదు. మొగుడు చెప్పిన మాటను ఎవరైనా ఫోన్ చేసి సరిచూసుకుంటారా?

"బిడ్డను యాడ పెట్టినావమ్మా ఇన్ని దినాలు? వఠారం బోసిగా ఉండాది" అని హనుమక్క రెండు మూడుసార్లు అడిగింది. ఆనేకల్‌లో మేనత్త దగ్గర అని చెబితే, "ఊఁ" అని ఒక రకంగా చూసేది.

ఒకరోజు టీ వేళలో వీడియో కాల్ చేశాను. పాప ఫోన్ను మూతికి ఆనించుకుని, "అమ్మ కొత్త చీర" అంది. నేను కంపెనీ నీలం కోటులో, నెత్తిన టోపీతో ఉన్నాను. "ఏ చీర బంగారూ?" అన్నాను. ఫోన్ చప్పున పక్కకు తిరిగింది, గోడ కనబడింది. వదిన గొంతు, "నీ దసరా చీర మతికొచ్చిందేమో లేమ్మా" అంది. నేను దసరాకు చీర కొనుక్కోలేదు. అది అనుకుంటుండగానే బెల్లు కొట్టారు, పోయి బోర్డు ముందు నిలబడ్డాను.

దీపావళికి ఒక పూట పోయి వచ్చాను. పాప నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది, కానీ మూడడుగుల దూరంలో ఆగింది. వెనక్కి తిరిగి వదిన మొహం చూసింది. నేనే ఎత్తుకున్నాను. ఆ పూటంతా నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. వదిలిపెట్టి పోయానని అలిగిందనుకుని, బస్సులో దారిపొడుగునా ఏడ్చుకుంటూ వచ్చాను. చందు నా చేతిమీద చెయ్యేసి, "కార్తీకంలో పుట్టెంట్రుకలు తీపిచ్చి తెచ్చుకుందాం లే. మూడో ఏడు దాటగూడదు గదా" అన్నాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పుట్టువెంట్రుకలు ఆనేకల్‌లోనే, వెంకటేశప్ప అన్న వాళ్ళ ఇంటిదేవర చౌడమ్మ గుడిలో అన్నారు. "మీ ఇంటిదేవర కదిరి నరసింహస్వామి గదా?" అని అడిగాను. "అంత దూరం నీకు లీవ్ ఎవురిస్తారు?" అన్నాడు చందు. అదీ నిజమే. నా తమ్ముడు హరి మదనపల్లెలో ఆటో తోలుకుంటాడు. పాపకు మేనమామ. వెంట్రుకలు వాడి ఒళ్ళో కూర్చోబెట్టి తియ్యాలి. వాడికి నేను చెబుతానంటే, "నేను పిలిస్తే మర్యాద. బావను నేనుండగా నువ్వు చెప్పేదేంది" అన్నాడు చందు. పుట్టింటివాళ్ళకు ఎంత మర్యాద ఇస్తున్నాడో అని మురిసిపోయాను నేను.

శనివారం చందు ముందుగానే ఆనేకల్ వెళ్ళిపోయాడు. నన్ను ఆ రోజు త్వరగా విడిచారు. కొబ్బరికాయలు కొందామని అంగడికి పోతే, అక్కడ జ్యోతి నిలబడి ఉంది, చంకలో ఎవరిదో బిడ్డ.

"ఎప్పుడొచ్చినావు జ్యోతీ? కూతురికి కాన్పయిందా?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నాకుండే ఒక్క కూతురు తొమ్మిదో క్లాసు చదవతాందక్కా! దసరా అయిపోయిన మరుదినమే వచ్చేసినా. మీ ఆయన వచ్చి చెప్పె గదా, మా పాప ఇంక రాదు, ఆ జాగా వేరేవాల్లకు ఇచ్చుకో అని."

కొబ్బరికాయల సంచి అక్కడే పెట్టి హరికి ఫోన్ చేశాను. రేపు ఎన్ని గంటలకు బయల్దేరుతున్నావురా అని.

"యాడికక్కా?"

"పాపకు వెంట్రుకలు తీసేది రేపేరా. మీ బావ చెప్పలా?"

"ఒక్క మాట చెప్పలేదక్కా. పోయిన వారం నేనే ఫోన్ చేసి, పాపకు ఎప్పుడు తీపిస్తారు బావా అంటే, ఈ ఏడు లేదులే అన్యాడు."

చందుకు చేస్తే ఎత్తలేదు. విషయమంతా హనుమక్కకు చెప్పాను. ఆమె తమలపాకు నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. "మేనమామ లేకుండా వెంట్రుకలు తీస్తారా యాడన్నా? ఇంటి దొంగను ఈశ్వరుడు గూడా పట్టలేడమ్మా. పొద్దున్నే పో. తమ్ముణ్ణి రమ్మను. నోరు మాత్రం యాడా పారేసుకోవద్దు, సుమ్నే, ఊరికే చూడు ముందు" అంది. అప్పటికీ నేననుకున్నదల్లా, నా పుట్టింటిని చిన్నచూపు చూస్తున్నారు, పాపను ఇంకొన్నాళ్ళు అట్టిపెట్టుకోవాలని చూస్తున్నారు అని. అంతకు మించి నా బుద్ధి పోలేదు.

ఆదివారం ఎనిమిదిన్నరకే గుడి దగ్గర దిగాను. కొబ్బరిమట్టల చప్పర వేశారు, తప్పెట కొడుతున్నారు. చందు కొత్త పంచె కట్టుకుని, భుజాన జరీ కండువాతో ఉన్నాడు. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"హరికి ఎందుకు చెప్పలా?"

"చెప్దామనుకున్యా... పనుల్లో పడి..."

"వాడు వస్తాండాడు. పదకొండు గంటలకు ఈడుంటాడు. అంతదాకా ఆగమను."

"ముహూర్తం తొమ్మిదిన్నరకు గదమ్మా" అంది వదిన వెనకనుంచి. ఎర్ర పట్టుచీర, తలలో కనకాంబరాలు. పాప ఆమె చంకలో ఉంది. నేను చేతులు చాస్తే రాలేదు, ఆమె మెడలో మొహం దాచుకుంది.

పూజారి పిలిచాడు. "బిడ్డ తల్లిదండ్రులు వచ్చి పీటలమీద కూర్చోండి."

నేను కొంగు సర్దుకుని ముందుకు పోయాను. పీటల మీద అప్పటికే వదిన, వెంకటేశప్ప అన్న కూర్చుని ఉన్నారు. చేతులకు కంకణాలు. పెద్దవాళ్ళు కాబట్టి కూర్చున్నారేమో, నాకు పక్కన ఇంకో పీట వేస్తారేమోనని అట్లాగే నిలబడ్డాను. పూజారి గోత్రం చదివాడు. అది చందు వాళ్ళ గోత్రం కాదు. తర్వాత తెలుగులో గట్టిగా అన్నాడు, "వెంకటేశప్ప, సుజాత దంపతుల కూతురు హర్షిత."

మంగలి మారప్ప కత్తి నీళ్ళలో ముంచి, "మేనమామ ఎవురప్పా? వచ్చి కూసోండి" అన్నాడు.

చందు పోయి కూర్చున్నాడు. వదిన తన ఒళ్ళోంచి పాపను తీసి తమ్ముడి ఒళ్ళో పెట్టింది. పాప తలెత్తి వాడి మొహం చూసి, "మామా, నొప్పి చేస్తాడా?" అంది.

జనంలో ఎవరికీ వింతగా లేదు. బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చుంది, అంతే. ఒక ముసలామె నా భుజం తట్టింది. "నువ్వేనా అత్తవి? కొంగు పట్టమ్మా, ఎంట్రుకలు కింద పడగూడదు. మా ఇండ్లల్ల మేనమామ పెండ్లామే పట్టాల."

నేను చందు వైపు చూశాను. వాడు నా మొహం చూడకుండా అన్నాడు, "పట్టు సంధ్యా."

పట్టాను. ఎందుకు పట్టానో అడగకండి. పదిమందిలో పిలిచి కొంగు పట్టమంటే పట్టే అలవాటు చేతులది. మారప్ప నడినెత్తిన ఒక పాయ తీశాడు. అది నా కొంగులో పడింది. కడుపులో ఉన్నప్పటినుంచి ఉన్న జుట్టు, కొసలు ఎర్రగా, పట్టుపోగులా ఉంది. అప్పుడు నా నోరు నాకు తిరిగొచ్చింది.

"మారప్పా, కత్తి దించు."

"నడాన ఆపగూడదమ్మా, అరిష్టం."

"అరిష్టం దసరాకే అయిపోయింది. దించు." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఈ బిడ్డను కన్నది నేను. దీని మేనమామ పేరు హరి, మదనపల్లె నుంచి బస్సులో వస్తాండాడు. నువ్వు కూచోబెట్టింది దీన్ని కన్న నాయన ఒళ్ళో."

తప్పెట ఆగింది. వెంకటేశప్ప అన్న పీటమీదనుంచి లేచాడు. "ఏమి మాట్లాడతాండావమ్మా? నువ్వు ఒప్పుకున్నావని చెప్పె గదా చందు? కంపెనీ పనిలో సాకలేను, వదిన కాడనే పెరగనీ, వెంట్రుకలు మీ పేరునే తీపీండి అని నువ్వే అన్నావంట గదా?"

"ఎప్పుడన్నానయ్యా?" అని నేను చందును అడిగాను.

వాడు పంచెమీద పడ్డ రెండు వెంట్రుకలను ఏరుతూ కూర్చున్నాడు.

వెంకటేశప్ప అన్న కాసేపు బావమరిది నెత్తిని చూశాడు. తర్వాత తన చేతి కంకణం విప్పి తమలపాకు మీద పెట్టాడు. "సుజాతా, లెయ్ పైకి. తల్లి కడుపు కొట్టి తెచ్చుకునే బిడ్డ మనకొద్దు."

"మీకొద్దేమో," అంది వదిన. లేవలేదు. "నాకు కావాల."

ఆ తర్వాత నా వైపు తిరిగింది. ఆమెను ఎన్ని మాటలనాలో అన్నీ నా నోట్లో వరసగా ఉన్నాయి. కానీ ఆమె ఆకలిగొన్న మనిషి అన్నం అడిగినట్టు అడిగింది. "నీకు వయసుండాది సంధ్యా. ఇంకొకర్ని కంటావు. నాకెవురిస్తారు చెప్పు? నలభై దినాలు నా పక్కలో పండుకున్నాది. పొద్దున్నే లేసి అమ్మా అని నన్నే పిలిచింది."

"ఎవరు నేర్పితే పిలిచింది వదినా?" అన్నాను.

హరి కోసం ఒకటిన్నర గంట కూర్చున్నాం. వచ్చినవాళ్ళు సగం మంది వెళ్ళిపోయారు. పాప నడినెత్తిన ఒక పాయ లేకుండానే బంతిపూలు తుంచుకుంటూ ఆడుకుంది. చందు గుడి వెనక కొళాయి దగ్గరికి నన్ను రమ్మన్నాడు.

"అక్క నన్ను సాకింది సంధ్యా. నా కోసరం ఆమె పెండ్లి పదేండ్లు ఎనకబడె. ఏడ్చి కాళ్ళు పట్టుకుంటే కాదనలేకపోతి."

"నన్నడగాల్సింది."

"అడిగితే ఒప్పుకోవని..."

"అంటే ఒప్పుకోనని నీకు తెలుసు."

వాడు కొళాయి కింద కాళ్ళు కడుక్కున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న కాళ్ళు. "దినమూ చూడకపోతే నీకూ అలవాటయితాది అనుకున్యా. మనకింకొకరు పుడతారు గదా" అన్నాడు.

ఇంకొకరు పుడతారు. కుండ పగిలితే ఇంకోటి తెచ్చుకుందాం అన్నంత తేలిగ్గా. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ అంటుండేది, ఆ సామెత నా సంసారానికే అని ఎప్పుడూ అనుకోలేదు. వదిన అడగడం నాకు అర్థమవుతుంది. లేనిదాన్ని కోరుకుంది. వీడు, నా పక్కన పడుకుని, పాప గొంతు విని నేను ఏడుస్తుంటే వీపు నిమిరి, పొద్దున్నే లేచి జ్యోతి ఇంకా రాలేదని చెప్పాడు. ఒక్క రోజు కాదు, నెల రోజులు. క్యాలెండర్లో ప్రతి గడికీ ఒక అబద్ధం.

పదకొండుంపావుకు హరి వచ్చాడు, బస్సు దిగి పరుగెత్తినట్టున్నాడు, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. నా మొహం చూశాడు, పీటమీద కూర్చుని ఒడి పట్టాడు. మిగతా వెంట్రుకలు వాడి ఒళ్ళో తీశారు. కొంగు నేనే పట్టాను, ఈసారి తల్లిని కాబట్టి. కత్తి చల్లదనానికి పాప గుక్కపట్టి ఏడ్చింది. "అమ్మా! అమ్మా!" అని రెండు చేతులూ చాచింది. నా వైపు కాదు. స్తంభం వెనక నిలబడి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్న వదిన వైపు. నేను ఒక అడుగు పక్కకు జరిగి ఆ చేతులకు అడ్డంగా నిలబడ్డాను. నా బిడ్డకూ దాని అమ్మకూ మధ్య అడ్డం నిలబడినదానిలా ఉన్నాను ఆ క్షణాన. అయినా జరగలేదు.

హెబ్బగోడికి వచ్చాక నాలుగు రోజులు పాప నన్ను "అత్తా" అంది. "అత్తా, నీల్లు." "అత్తా, అమ్మ యాడ?" నేను ప్రతిసారీ దాని చెయ్యి నా గుండెమీద పెట్టుకుని, "అమ్మ. నేను అమ్మ" అని చెప్పేదాన్ని. కంపెనీకి సెలవు పెట్టాను, బసవరాజు ఒక్క మాట అనలేదు. హనుమక్క గుండు మీద చందనం రాస్తూ, "ఎవురమ్మా ఇదీ? అమ్మ. చెప్పు, అమ్మ" అని పాఠం చెప్పేది. నాలుగో గది బిహారు పిల్లలు కూడా నన్ను చూపించి "మమ్మీ, మమ్మీ" అని అరిచేవాళ్ళు. ఐదోరోజు పొద్దున, కళ్ళు తెరవకుండానే నా జాకెట్టు పట్టుకుని, "అమ్మా, కాకి" అంది. నిజంగానే గోడమీద కాకి ఉంది. క్యాలెండర్లో రాయలేదు. గుడినుంచి వచ్చిన రోజే దాన్ని గోడమీదనుంచి తీసేశాను.

చందు స్నేహితుడి గదిలో ఉంటున్నాడని హనుమక్క చెప్పింది. మూడో వారం ఆదివారం వచ్చాడు. గడప అవతలే ఆగాడు. చేతిలో దానిమ్మకాయలు. చిక్కిపోయాడు. పాప అప్పుడు గిన్నెలో గరిటె తిప్పుకుంటూ ఆడుకుంటోంది.

ఆ మూడు వారాల్లో నేను దాని మాటలెన్ని దిద్దానో లెక్కలేదు. నీల్లు కాదు నీళ్ళు, ఓడిపోయె కాదు పరిగెత్తింది, అత్త కాదు అమ్మ. తప్పు మాట చెవిన పడితే చాలు, చేతిలో ఏ పనున్నా ఆపి దిద్దేదాన్ని.

పాప తలెత్తి చూసింది. గిన్నె వదిలేసి చప్పట్లు కొట్టింది.

"మామ వచ్చినాడు! అమ్మా, మామ వచ్చినాడు!"

చందు పాపను చూడలేదు. నన్ను చూశాడు. దిద్దుతానని చూశాడు. నాన్న, బంగారూ, నాన్న అను అని ఒక్క మాట అంటానని, ఆ ఒక్క మాట పట్టుకుని గడప దాటుదామని, అట్లాగే నిలబడ్డాడు.

నేను పొయ్యిమీద పాలు పొంగుతున్నాయేమోనని చూసుకుని, మంట తగ్గించి, పాపతో అన్నాను.

"అవును బంగారూ. మామకు కుర్చీ వెయ్యి."